వంక నీళ్లలోనే యూరియా ఉందంట, మూటలు కొనొద్దంట. నమ్మొచ్చా?

వంకగట్టు_రైతు
అనంతపురం టౌను దాటినాక వంక పక్కన మాకు రెండెకరాలు. ఒక ఎకరా టమాటా, ఇంకో ఎకరా చీనీ, అదే బత్తాయి. మూడు బోర్లు వేశాను. రెండు పోయాయి, మూడోది గంట పోసి రెండు గంటలు పడుకుంటుంది. అందుకని వంకలో 5 హెచ్‌పీ మోటారు దించి ఆరేళ్లుగా ఆ నీళ్లే పారిస్తున్నా. ఆ నీళ్లేంటో అందరికీ తెలుసు. టౌనులో బాత్రూములు, వంటిళ్లు, పొంగిన సెప్టిక్ ట్యాంకులు, అంతా అందులోకే.

సంగతేమంటే రెండు నెలల నుంచి ఒక పాప స్కూటీ మీద వస్తోంది, పదిహేను రోజులకోసారి. వెనక ఐస్ డబ్బా. మొదటిసారి ఐస్‌క్రీం అమ్మే పిల్ల అనుకున్నాం. చూస్తే డబ్బా నిండా ఖాళీ సీసాలు. వంకలో ఒకటి, మా మోటారు పైపు దగ్గర ఒకటి, చేను చివర కాలువలో ఒకటి నింపుకుని పోతుంది. పీహెచ్‌డీ అంట. ఎవర్నీ అడక్కుండా గేటు తీసుకుని వచ్చేసింది, మా కుక్క స్కూటీ దాకా తరిమింది.

పోయిన వారం టమాటా తోట చూసి "అన్నా, యూరియా ఆపెయ్, నీ నీళ్లలోనే ఉంది" అని ఒక మాట పడేసి వెళ్లిపోయింది. ఇరవై ఏళ్ల సేద్యంలో యూరియా ఆపమన్న మనిషిని ఇప్పుడే చూడటం. చెట్లు నల్లగా, నడుమెత్తు ఉన్నాయి. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తారు. కానీ కాయ అడుగున, పువ్వు రాలిన చోట, రూపాయి బిళ్లంత నల్లమచ్చ వచ్చి లోపలికి కుంగుతోంది. కక్కలపల్లి మండీలో బాక్సు విప్పి చూసి పక్కన పెట్టేస్తున్నారు. మందు రెండుసార్లు కొట్టాను, తగ్గలేదు. దానికీ యూరియాకీ లింకు ఉందంటుంది పాప. తెలిసినవాళ్లు చెప్పండి. జోకులు తర్వాత.

ఉగ్గాని_బజ్జీ
జోకులు తర్వాతంటే ఎట్లన్నా. ముందు నీ టమాటా మా ఇంటి పప్పులోకి వస్తోందా లేదా, అది చెప్పు.

ఎరువుల_అంగడి
సలహా ఇచ్చి స్కూటీ ఎక్కేవాళ్లకేం, పంట పోతే పాప కట్టిస్తుందా? యూరియా మూట 266 రూపాయల 50 పైసలు. అంతకంటే చవక ఎరువు ఏముంది? నల్లమచ్చ తెగులు కాదు, కాల్షియం లోపం. కాల్షియం నైట్రేట్ కొట్టు, వారంలో తేడా కనిపిస్తుంది. నువ్వు కొట్టిన మందు ఏంటో గానీ డబ్బులు దండగ.

వంకగట్టు_రైతు
ఆ మందు ఇచ్చింది కూడా ఒక అంగడాయనే.

ఎరువుల_అంగడి
మా అంగడి కాదు కదా. అది చాలు.

కర్నూలు_బ్లోయర్
మురుగు శుద్ధి ప్లాంటులో ఆపరేటర్ని. ఏ ప్లాంటో చెప్పను, ఉద్యోగం కావాలి. పాప చెప్పిన మాట నిజమే. మురుగులో నత్రజని ఉంటుంది, ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలో. మేము రాత్రింబగళ్లు బ్లోయర్లు తిప్పి గాలి కొడితే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఆ తర్వాత గాలి లేని ట్యాంకులోకి పంపితే ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను మామూలు నత్రజని గ్యాసు చేసి పైకి వదిలేస్తుంది. ప్లాంటు కరెంటు బిల్లులో సగానికి పైగా ఈ గాలి కొట్టడానికే పోతుంది.

ఇప్పుడు తమాషా చూడండి. ఎరువుల ఫ్యాక్టరీవాళ్లు గాలిలో నత్రజనిని గ్యాసు కాల్చి పట్టి యూరియా చేసి మూట కడతారు. అది చేనుకు పోయి, తిండిలోకి వచ్చి, మన కడుపులోంచి మా ట్యాంకులోకి వస్తే మేము మళ్లీ కరెంటు కాల్చి గాలిలోకి వదులుతున్నాం. నైట్ డ్యూటీలో నిద్ర పట్టనప్పుడు ఇదే ఆలోచిస్తుంటా.

ఉగ్గాని_బజ్జీ
నైట్ డ్యూటీలో నిద్ర పట్టకపోవడమే కదన్నా డ్యూటీ అంటే.

బుగ్గవంక_వాసి
కడప నుంచి. మాకూ ఇలాంటి వంకే ఉంది కాబట్టి అడుగుతున్నా. ఎరువు ఉంది, ఎరువు ఉంది అంటున్నారు సరే, ఎరువు ఒక్కటే ఉందా? మెకానిక్ షెడ్ల ఆయిలు, బట్టల సబ్బు, ల్యాబుల్లో పారబోసేవి, ఆస్పత్రి నీళ్లు, ఇవన్నీ ఎక్కడికి పోతాయి? నత్రజని లెక్క చెప్పి రైతును సంతోషపెట్టి సీసం తినిపిస్తామా? ఈ పరిశోధనలన్నీ ఇంతే. ఒక్క ముక్క పట్టుకుంటారు, మిగతాది మా సబ్జెక్టు కాదంటారు.

గొర్రెల_మంద
ఇందులో కొత్తేముంది నాయనా. మా చిన్నప్పుడు కోతలయ్యాక మందలోళ్లను బతిమాలి గొర్రెలను చేలో నిలిపించేవాళ్లం. రాత్రికింత అని గింజలు కొలిచి ఇచ్చేవాళ్లం. పెంట కంటే ఉచ్చ మేలు అనేవాడు మా తాత. మంద ఒకేచోట రెండు రాత్రులు నిలిస్తే మాత్రం ఒప్పుకునేవాడు కాదు, పైరు ఏపుగా లేచి పడిపోతుందని. చెరువు ఎండితే మట్టి తోలేవాళ్లం, ఊళ్లో కొట్టుకొచ్చిందంతా అందులో ఉంటుందని. ఇప్పుడు దానికే సీసాలు, ఐస్ డబ్బాలు.

సీసాల_పాప
ఆ పాప నేనే. ఫ్రెండు ఈ లింకు పంపిస్తే ల్యాబులో పగలబడి నవ్వాను, మా సార్ లేచి చూశారు. ఈ పేరుతోనే అకౌంటు తీశా. గేటు విషయంలో తప్పు నాదే అన్నా, సారీ. మోటారు దగ్గర ఎవరూ కనపడక వచ్చేశా. ఐస్ డబ్బా ఎందుకంటే నీళ్లు వేడెక్కితే సీసాలోనే బాక్టీరియా పని మొదలుపెడుతుంది. ల్యాబుకు చేరేసరికి అమ్మోనియా అమ్మోనియాలా ఉండదు.

ఆ రోజు ఎండకు తల తిరుగుతుంటే ఒక్క మాట చెప్పి వెళ్లిపోయా. ఇప్పుడు లెక్క చెప్తా, ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

ఎకరా చేనులో అంగుళం మందాన నీళ్లు కట్టావంటే సుమారు లక్ష లీటర్లు. ఇళ్ల మురుగులో లీటరుకు 20 నుంచి 70 మిల్లీగ్రాముల దాకా నత్రజని ఉండొచ్చు. వాన పడితే పలచబడుతుంది, ఎండాకాలం చిక్కబడుతుంది. మధ్యలో 40 అనుకుందాం. లక్ష లీటర్లంటే 4 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఒక్కో తడితో దాదాపు 9 కిలోల యూరియా చల్లినట్టు. ఐదు తడులకు ఒక 45 కిలోల మూట. పంటకాలంలో 20 తడులు కట్టావా, నాలుగు మూటలు నువ్వు కొనకుండానే చేలో పడ్డాయి. టమాటాకు ఎకరాకు 60 కిలోల నత్రజని చాలంటారు. నీళ్లతోనే 80 వచ్చేసింది. ఆపైన నువ్వు ఎన్ని మూటలు వేశావు?

భాస్వరం లీటరుకు 6 మిల్లీగ్రాములు అనుకుంటే 20 తడులకు 60 కిలోల డీఏపీ ఎరువుతో సమానం. అంటే మూటకు పైనే.

వంకగట్టు_రైతు
మూడు మూటలు. నాలుగోది ఇంట్లో ఉంది. నిన్న లెక్కేసి చూశా, ఇప్పటికి 14 తడులు కట్టినట్టున్నా. అంగుళం కాదు, ఇంకా ఎక్కువే నిలుస్తుంది మా కాలువల్లో.

ఎరువుల_అంగడి
లెక్క బాగుంది, కాదనను. కానీ నీళ్లలో ఉన్నదంతా చెట్టుకే పోతుందా? కొంత ఆవిరైపోతుంది, కొంత భూమిలోకి దిగుతుంది. మూట వేసినా అంతే కదా అంటారు. మూటయితే నేను కావలసినప్పుడు వేస్తా, అక్కర్లేనప్పుడు ఆపుతా. వంకను ఆపగలవా?

సీసాల_పాప
అంగడి అన్నా, అసలు చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. టమాటాకు నత్రజని మొదట్లో ఎక్కువ కావాలి. పూత, కాత మీద ఉన్నప్పుడు తగ్గాలి, పొటాష్ పెరగాలి. వంకకు అవేమీ తెలియదు. నాటిన రోజు ఎంత పోస్తుందో కోసే రోజూ అంతే పోస్తుంది. అందుకే ఆకు నల్లగా, కాయ మచ్చగా వస్తుంది.

మచ్చ గురించి మీరు చెప్పింది సగం నిజం. కాల్షియం లోపమే. కానీ భూమిలో లేక కాదు, కాయకు చేరక. కాల్షియం వేర్ల నుంచి నీటితోపాటే పైకి పోతుంది. ఆకు విపరీతంగా ఉంటే నీళ్లన్నీ ఆకు లాగేస్తుంది, కాయ అడుగుదాకా రాదు. దీనికి తోడు అమ్మోనియం ఎక్కువైతే వేరు కాల్షియం తీసుకోవడం తగ్గుతుంది. నీళ్లలో ఉప్పు ఉన్నా అంతే. ఒకరోజు నిండుగా కట్టి వారం ఎండబెట్టినా అంతే. అన్న చేలో ఈ నాలుగూ ఉన్నాయి.

కాల్షియం నైట్రేట్ కొడితే కొంత ఆగొచ్చు. ఆ పేరులోనే నైట్రేట్ ఉంది, గమనించండి.

ఎరువుల_అంగడి
సరే, ఒప్పుకుంటా. ఇంకో నిజం కూడా చెప్పనా? యూరియా మూట మీద మాకు మిగిలేది టీ ఖర్చు. యూరియా ఎక్కువై ఆకు మెత్తబడితే వచ్చే తెల్లదోమ, పేనుబంక మీదే మా వ్యాపారం.

ఉగ్గాని_బజ్జీ
ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

పీహెచ్‌సీ_అక్క
మీరంతా చెట్టు ఆరోగ్యమే మాట్లాడుతున్నారు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టేది ఎవరు? కూలికి వచ్చే ఆడవాళ్లు. చెప్పులు బురదలో ఇరుక్కుంటాయని విప్పి గట్టు మీద పెడతారు. కొంకిపురుగు పిల్లలు పాదం చర్మంలోంచే ఎక్కుతాయి. వేళ్ల సందుల్లో దురద, తర్వాత నీరసం, రక్తం తగ్గడం. మా దగ్గరకు వచ్చేది ఆ చివరి దశలో, "ఒళ్లు నొప్పులు మేడం" అని. హీమోగ్లోబిన్ చూస్తే 7, 8. ఇనుము మాత్రలిస్తాం, మళ్లీ అదే మడిలోకి పోతారు. మీ చేలో పనిచేసేవాళ్లకు గమ్‌బూట్లు కొనిచ్చావా తమ్ముడూ?

వంకగట్టు_రైతు
కొన్నానక్కా, రెండు జతలు. వేసుకోరు. కాలు ఉడికిపోతుందంటారు. నిజం చెప్పాలంటే నేనూ వేసుకోను.

పీహెచ్‌సీ_అక్క
ముందు నువ్వు వేసుకో, చూసి వాళ్లు వేసుకుంటారు. ఇంట్లో అందరూ పురుగుల మాత్ర ఆల్బెండజోల్ మింగండి, డాక్టర్ని అడిగి. టమాటా పచ్చిగా తినే వస్తువు. కట్టెలు పాతి పైకి కడితే కాయకు నీళ్లు తగలవు. కోతకు ముందు కొన్ని రోజులు ఆ నీళ్లు ఆపితే ఎండకు క్రిములు చాలావరకు చస్తాయి. ఏలికపాము గుడ్లు మాత్రం అంత తేలిగ్గా చావవు.

ఇంకోటి, ఆ ఎండిపోతున్న బోరు నీళ్లు తాగుతున్నారా?

వంకగట్టు_రైతు
తాగుతాం. తియ్యగానే ఉంటాయి.

సీసాల_పాప
అన్నా, నేను అడగాలనుకుంటున్నది కూడా అదే. మట్టిలో పడ్డ అమ్మోనియాను బాక్టీరియా నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచదు, నీటితోపాటే కిందికి దిగిపోతుంది. ఆరేళ్లుగా పారిస్తున్నావు, పక్కనే బోరు. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. రుచి, వాసన ఏమీ తెలియదు. కాచితే పోదు, పైగా నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. డబ్బా పాలు తాగే పసిబిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం ఆ నీళ్లతో పాలు కలపొద్దు.

వంకగట్టు_రైతు
కూతురు కాన్పుకు వచ్చి ఉంది. ఇప్పుడు టెన్షన్ పెట్టావు పాపా.

పీహెచ్‌సీ_అక్క
తల్లిపాలు ఇస్తుంటే కంగారు లేదు. వంటకీ తాగడానికీ క్యాన్ నీళ్లు తెప్పించుకో, టెస్టు అయ్యేదాకా.

హిందూపురం_అల్లుడు
మా అత్తగారిది కోలార్ పక్క. 2018 నుంచి బెంగళూరు మురుగు శుద్ధి చేసి పైపుల్లో కోలార్ చెరువులకు తోలుతున్నారు, కేసీ వ్యాలీ ప్రాజెక్టు అని. ముప్ఫై ఏళ్లలో నీళ్లు చూడని చెరువు నిండింది, మా మామ ఎండిన బోరు మళ్లీ పోసింది. ఆయన రోజూ సాయంత్రం చెరువు కట్ట మీద కూర్చుంటాడు, ఊరికే చూస్తూ. మనకు వానే 550 మిల్లీమీటర్లు. మనమెందుకు వంకను పెన్నలోకి వదిలేయాలి?

బుగ్గవంక_వాసి
నిండిందనే చెప్తున్నారు, దేనితో నిండిందో చెప్పరు. అక్కడ చేసేది రెండో దశ శుద్ధి మాత్రమే. నత్రజని, భాస్వరం పూర్తిగా పోవు. అదే బెంగళూరులో బెళ్లందూరు చెరువు నురగ కక్కి, మంటలు రేగింది మరిచిపోయారా? చెరువులోకి ఎరువు పోతే ఏం మొలుస్తుంది, వరి మొలుస్తుందా? గుర్రపుడెక్క మొలుస్తుంది, పచ్చటి పాచి పేరుకుంటుంది. అది చచ్చి కుళ్లితే చేపలు తేలతాయి.

సీసాల_పాప
ఈ మాటలో మీతో తగాదా లేదు. నదికో చెరువుకో వదిలేట్టయితే నత్రజని, భాస్వరం తీసేయాల్సిందే. చేనుకు పెట్టేట్టయితే అవి ఉంచి, క్రిములను తీయాలి. మనవాళ్లు రెండిటికీ ఒకే ప్లాంటు కట్టి, అది తీయాల్సింది తీయక, ఉంచాల్సింది ఉంచక నడుపుతారు. నా థీసిస్ అంతా ఈ ఒక్క గొడవే.

మీరు మొదట అడిగిన సీసం సంగతి. నిజమే, అది నా యంత్రంలో తేలదు. మట్టి నమూనా వేరే ల్యాబుకు పంపాలి, పంపుతా. "మా సబ్జెక్టు కాదు" అన్న మాట గుచ్చుకుంది, అందుకే.

కర్నూలు_బ్లోయర్
తీయాల్సింది తీయక అన్నావు, మా తరఫున ఒక మాట. రూల్సే అట్లున్నాయి పాపా. 2017లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో పీహెచ్, బీవోడీ (కుళ్లే మలినం కొలత), తేలే మలినాలు, కోలిఫాం (మలంలోని బాక్టీరియా), అంతే. నత్రజని, భాస్వరం లేనే లేవు. 2019లో గ్రీన్ ట్రిబ్యునల్, అదే పర్యావరణ కేసుల కోర్టు, మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు, చెరువుల్లోకి వదిలితే భాస్వరం 1 దాటొద్దని చెప్పింది. చెప్పినంత సులువా? పాత ప్లాంటులో గాలి లేని ట్యాంకే ఉండదు. ఇంకెక్కడ తీస్తాం, నెత్తిమీదా?

భాస్వరం విషయం ఇంకోటి అడగాలి. నేను ముందు బెంగళూరులో ఒక పెద్ద ప్లాంటులో చేసేటప్పుడు, స్లడ్జ్ డైజెస్టర్ (మురుగు బురదను కుళ్లబెట్టే ట్యాంకు) నుంచి వచ్చే పైపు ఆరు నెలలకోసారి మూసుకుపోయేది. లోపల తెల్లగా, గట్టిగా, పటికబెల్లం పలుకుల్లా పేరుకునేది. సుత్తితో కొట్టి తట్టల్లో ఎత్తి పారబోసేవాళ్లం. అదేంటి?

సీసాల_పాప
అయ్యో అన్నా! అది స్ట్రువైట్ అయి ఉంటుంది. మెగ్నీషియం, అమ్మోనియం, భాస్వరం మూడూ కలిసి గట్టిపడితే వచ్చే పలుకు. బరువులో ఎనిమిదో వంతు భాస్వరమే, 5.7 శాతం నత్రజని. నీళ్లలో త్వరగా కరగదు, వేరు దగ్గర నెమ్మదిగా వదులుతుంది. కొన్ని దేశాల్లో ప్లాంటులోనే కావాలని ఈ పలుకులు కట్టించి ఎరువుగా అమ్ముతున్నారు. మీరు తట్టలతో పారబోసింది డీఏపీకి చెల్లెలు.

కర్నూలు_బ్లోయర్
ఎన్ని తట్టలో తలుచుకుంటే కడుపు రగులుతోంది.

గొర్రెల_మంద
అయితే ఈ వంకలోనే ఆ పలుకు కట్టించరాదా తల్లీ?

సీసాల_పాప
ఇక్కడ కట్టదు పెద్దాయనా. భాస్వరం లీటరుకు ఆరు మిల్లీగ్రాములంటే మరీ పలచన. చిక్కగా ఉన్నచోటే పట్టాలి. చిక్కగా ఎక్కడుంటుందంటే, మీ తాతగారు చెప్పినచోటే. ఇంటి మురుగు మొత్తంలో మూత్రం నూటికి ఒక వంతు కూడా ఉండదు. కానీ నత్రజనిలో 80 శాతం, భాస్వరంలో సగం దాని నుంచే. కలవకముందే పట్టుకుంటే పని సులువు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మొక్కజొన్నకూ అరటికీ వాడి చూశారు కూడా.

ఉగ్గాని_బజ్జీ
అంటే బస్టాండు వెనక గోడ మన జిల్లాకు ఎరువుల ఫ్యాక్టరీ. "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాసినోడు రైతు ద్రోహి.

ఎరువుల_అంగడి
లైసెన్సు ఎవరిస్తారు, డీలర్‌షిప్ ఖాళీ ఉందా?

హిందూపురం_అల్లుడు
మూటకు ఎమ్మార్పీ ఎంత వేస్తారో.

మోడరేటర్
గోడ జోకులు ఇక చాలు. పదకొండు తీసేశాను.

సీసాల_పాప
జోకుల మధ్య ఒక ముచ్చట. గాలి బాగా కొడితే ప్లాంటులోని బాక్టీరియా బురద భాస్వరాన్ని గబగబా మింగేస్తుందని మొదట రాసినవాళ్లలో మన పక్క బెంగళూరు వాళ్లున్నారు. 1959లో శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై అని ముగ్గురు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో. రెండు పేజీల చిన్న వ్యాసం. ఇవాళ ప్రపంచంలో చాలా ప్లాంట్లు మందు వేయకుండా భాస్వరం తీసేది ఆ గుణం మీదే. రాతి భాస్వరం మాత్రం మనం ఇంకా ఓడల్లో తెచ్చుకుంటున్నాం.

బుగ్గవంక_వాసి
ఇది తెలియదు. బాగుంది. కానీ అసలు ప్రశ్నకు రండి, శీనన్నో ఎవరో, ఆ రైతు ఇప్పుడేం చేయాలి? చీనీ చెట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

వంకగట్టు_రైతు
శీనన్న కాదు గానీ, చీనీ మాట ఎత్తినందుకు థ్యాంక్స్. ముదురాకులు కొనల నుంచి మాడుతున్నాయి, ఎవరో సిగరెట్టుతో కాల్చినట్టు. అంచు పసుపు, కొన గోధుమ. పూత కూడా ఎప్పుడు పడితే అప్పుడు, ఒక కొమ్మకు పిందె, ఒక కొమ్మకు పూలు.

సీసాల_పాప
కొనలు మాడటం ఉప్పు వల్ల. నీ మోటారు దగ్గర ఈసీ మీటరు, అంటే నీళ్లలో ఉప్పు ఎంతో చూపేది, పెడితే 1.9 చూపించింది. నీళ్లలో 1.1 దాటితేనే చీనీ జాతి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. టమాటా కొంత ఓర్చుకుంటుంది, చీనీ ఓర్చుకోదు. పూత సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదిలితేనే కదా ఒక్కసారిగా పూస్తుంది? వంకలో నీళ్లున్నాయి కదా అని నువ్వు కడుతూనే ఉన్నావు, నత్రజని పోస్తూనే ఉంది. ఇంక చెట్టు చిగురు వేస్తుందా, పూస్తుందా?

రెడ్డిపల్లి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో మట్టి ఇచ్చి అడుగు. నా పరిధి నీళ్లు, చెట్టు మీద వాళ్ల మాటే వినాలి.

గొర్రెల_మంద
బోరులో వచ్చే ఆ కాసిన్ని నీళ్లు చీనీకి డ్రిప్పుతో ఇచ్చుకో. వంక నీళ్లు గడ్డికి పెట్టు. హైదరాబాదులో మూసీ పొడుగునా పారా గడ్డి పెంచి గేదెలోళ్లకు అమ్ముతారు, ఏళ్లుగా. గడ్డికి ఎంత నత్రజని పోసినా ఇంకా తే అంటుంది.

పీహెచ్‌సీ_అక్క
టమాటాకు పెట్టాలంటే ముందు కుంటలో నిలపాలి. నీళ్లు కదలకుండా ఎనిమిది, పది రోజులు ఉంటే పురుగుల గుడ్లు అడుక్కి దిగిపోతాయి. మీకు పంట కుంట ఉందా?

వంకగట్టు_రైతు
ఉంది, అప్పట్లో తవ్వించుకున్నది. నిండితే రెండు తడులకు సరిపడా పడుతుంది. పది రోజులు నిలిపితే పది రోజులకు రెండు తడులే. టమాటా ఆగదక్కా ఎండకు. పైగా దోమలు. ఊరివాళ్లు నా మీదికి వస్తారు.

సీసాల_పాప
పది కుదరకపోతే మూడు రోజులు నిలుపు. ఎంత నిలిస్తే అంత మేలు. మోటారు ఫుట్‌వాల్వు (నీళ్లు లాగే పైపు మూతి) అడుగున కాకుండా పైనుంచి రెండడుగుల్లో వేలాడదీయి, అడుగు బురద లాగకు. యూరియా అంతా ఒకేసారి ఆపమని చెప్పను, అంగడి అన్న కేసు వేస్తారు. పది సాళ్లకు ఆపి చూడు. పక్క పది సాళ్లకు నీ పద్ధతే.

వంకగట్టు_రైతు
పది సాళ్లంటే సరే. పోతే పది సాళ్లే కదా.

(ఐదు వారాల తర్వాత)

వంకగట్టు_రైతు
రిజల్టు అడుగుతూ మెసేజ్‌లు వస్తున్నాయి, అందరికీ ఇక్కడే చెప్తా. మూడు కోతలయ్యాయి. యూరియా వేసిన పది సాళ్లకు 43 బాక్సులు, ఆపినవాటికి 41. రెండు బాక్సులు తక్కువ. కానీ మచ్చకాయ ఏరి పారేశాక వేసినవాటిలో అమ్మింది 35, ఆపినవాటిలో 38. ఆకు పలచబడింది, కాయ బయటికి కనిపిస్తోంది. మా ఆవిడ కోసేటప్పుడు చెయ్యి లోపలికి పెట్టి వెతుక్కోనక్కర్లేదంట. నాలుగో మూట ఇంట్లోనే ఉంది.

ఎరువుల_అంగడి
విప్పకపోతే వాపసు తీసుకుంటా, మా దగ్గర కొన్నదయితే.

సీసాల_పాప
సంతోషమే అన్నా, కానీ పండగ చేసుకోకండి. ఆ ఐదు వారాల్లో నువ్వు కుంటలో నిలిపి కట్టావు, తడి కూడా సమంగా ఇచ్చావు. మచ్చ తగ్గడానికి అదీ కారణమే అయ్యుండొచ్చు. పది సాళ్లు, ఒక పంట. దీన్ని థీసిస్‌లో పెడితే మా సార్ గేటు బయటే నిలబెడతారు.

బుగ్గవంక_వాసి
మట్టి పంపావా?

సీసాల_పాప
పంపాను. రిపోర్టు రాలేదు. వచ్చాక ఏమొచ్చినా ఇక్కడే పెడతా.

పీహెచ్‌సీ_అక్క
గమ్‌బూట్లు?

వంకగట్టు_రైతు
నేను వేసుకుంటున్నా. కూలోళ్లలో ఇద్దరు వేసుకున్నారు. మిగతావాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు.

పాపా, మంగళవారం నువ్వు వస్తావని బోరు నీళ్లు ఒక సీసా నేనే పట్టి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టా. గేటు తీసే ఉంటుంది, కుక్కను కట్టేస్తా.

సీసాల_పాప
ఏ సీసా అన్నా?

వంకగట్టు_రైతు
ఇంట్లో ఉన్న నల్ల కూల్‌డ్రింక్ సీసా. రెండు లీటర్లది.

సీసాల_పాప
వద్దన్నా! అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. నీ బోరులో డీఏపీ ఉందని తేలుతుంది.

వంకగట్టు_రైతు
మూడుసార్లు కడిగానే.

సీసాల_పాప
పారబోసెయ్యి. సీసా నేనే తెస్తా.